నెమలి కుంటిన ఆదివారం

జేగురుకొండల అడవిలో దుప్పులు ఉండేవి, కొండముచ్చులు ఉండేవి, ఎలుగుబంట్లు, కుందేళ్లు, ఉడుములు, నెమళ్లు ఉండేవి. ఇక పిట్టల సంగతి చెప్పనే అక్కర్లేదు. ఆ కొండల మీద నుంచి దిగి వచ్చే వాగుకు మనుషులు అడ్డంగా ఒక ఆనకట్ట కట్టారు. నీళ్లన్నీ కొండల కిందే ఆగిపోయి పెద్ద జలాశయం అయింది. ఆ నీళ్లకు అవతల అడవి. ఇవతల మనుషులు తిరిగే గట్టు.

ఆదివారం వస్తే చాలు, ఊళ్ల నుంచి జనం వ్యాన్లలో, జీపుల్లో వచ్చి దిగేవాళ్లు. చాపలు పరిచేవాళ్లు, పులిహోర డబ్బాలు విప్పేవాళ్లు, పడవ ఎక్కడానికి ఒకరినొకరు తోసుకునేవాళ్లు. పొద్దు వాలే వేళకు మాత్రం అందరూ గట్టు మీద బుద్ధిగా నిలబడి, బైనాక్యులర్లు కళ్లకు ఆనించుకుని అవతలి ఒడ్డు వైపు చూసేవాళ్లు. దుప్పులు నీళ్లకు దిగే వేళ అది.

అడవిలో వాళ్లకూ ఆదివారం అంటే సరదాయే. మనుషులు జంతువులను చూడడానికి వస్తే, జంతువులు మనుషులను చూడడానికి వచ్చేవి. కొండముచ్చుల పెద్ద తోకయ్య తాత మనవలందరినీ ఒడ్డున ఉన్న మద్దిచెట్టు కొమ్మల మీద కూర్చోబెట్టేవాడు. "అదుగో, ఆ ఎర్రచొక్కా ఆయనను చూడండ్రా. పడవ ఇంకా కదలనే లేదు, అప్పుడే కేకలు పెడుతున్నాడు," అని చూపించేవాడు. పిల్లలు కొమ్మలు ఊగిపోయేలా నవ్వేవి.

ఇంత సరదాలోనూ రెండు వైపులా ఒక కట్టుబాటు ఉండేది. మనుషుల వైపు గార్డు ఓబులేసు గట్టు కింద గుంజలు పాతి తాడు కట్టాడు. ఆ తాడు దాటి ఎవరూ నీళ్ల వైపు దిగకూడదు. అడవి వైపు తోకయ్య తాత మాటే కట్టుబాటు.

"కనిపించండి, వద్దనను. చూసి సంతోషిస్తారు, పాపం అంత దూరం నుంచి వచ్చారు," అనేవాడు తాత. "కానీ వాళ్ల చేతికి అందేంత దగ్గరకు పోకండి. వాళ్లు పెట్టింది తినకండి."

ఈ కథ మాత్రం తాతది కాదు, గవ్వమ్మది. గవ్వమ్మ ఒక తీతువు పిట్ట. సన్నటి పసుపు కాళ్లు, నల్లటి మెడ, కళ్ల ముందు ఎర్రటి తోలు. చూడడానికి ముచ్చటగానే ఉంటుంది. గొంతు మాత్రం కాస్త గట్టిది. ఆ కూత వింటే అపశకునమని చుట్టుపక్కల ఊళ్లవాళ్లు అనుకునేవాళ్లు. ఆమె కూసేది వాళ్లను భయపెట్టడానికి కాదు, ఉడుము వస్తోందని మొగుడిని పిలవడానికి. ఆ సంగతి వాళ్లకు ఎవరు చెబుతారు?

ఆ ఏడు ఎండలు ముదిరాయి. జలాశయంలో నీళ్లు వెనక్కి తగ్గాయి. ఓబులేసు కట్టిన తాడుకూ నీళ్లకూ మధ్య గులకరాళ్ల నేల బయటపడింది. గవ్వమ్మ ఆ రాళ్ల మధ్యే కాస్త గుంట చేసుకుని నాలుగు గుడ్లు పెట్టింది. గూడు లేదు, పుల్లా పుడకా లేదు. గుడ్లు కూడా మచ్చల మచ్చలుగా అచ్చం గులకరాళ్లలాగే ఉన్నాయి. పక్కనే నిలబడి చూసినా కనబడవు.

నీళ్లు తాగడానికి వచ్చిన దుప్పి అవతలి ఒడ్డు నుంచి అడిగింది. "అదేమిటి వదినా, పోయి పోయి మనుషుల పక్కన పెట్టావు గుడ్లు?"

"నీ పక్కన పెడితే ఉడుము బతకనిస్తుందా?" అంది గవ్వమ్మ. "పోయినేడు నా గుడ్లన్నీ దాని పొట్టలోకే పోయాయి. జనానికి భయపడి ఉడుములూ నక్కలూ ఇటు రావు. జనమేమో తాడు దాటి రారు. ఇంతకన్నా మంచి చోటు నాకెక్కడ దొరుకుతుంది?"

ఈసారి నాలుగింటిలో ఒక్కటి కూడా పోగొట్టుకోనని గట్టిగా అనుకుంది.

ఆ ఎండలో గుడ్లను కాపాడడం మాటలు కాదు. వెచ్చగా ఉంచడం కాదు, ఉడికిపోకుండా చూడడం పని. గవ్వమ్మ నీళ్ల అంచుకు పరుగెత్తి వెళ్లి పొట్ట కింద ఈకలను బాగా తడుపుకునేది. తడిసిన పొట్టతో వచ్చి గుడ్ల మీద కూర్చునేది. ఈకలు ఆరిపోగానే ఆమె మొగుడు జిట్టయ్య పొట్ట తడుపుకుని వచ్చి నిలబడేవాడు. "లే, ఇక నా వంతు," అనేవాడు. అలా ఇద్దరూ మార్చుకుంటూ మిట్టమధ్యాహ్నాలు గడుపుతున్నారు.

ఇలా ఉండగా సింగారయ్యకు ఒక కోరిక పుట్టింది.

సింగారయ్య నెమలి. అవతలి ఒడ్డున ఒక పెద్ద బండ మీద ఆదివారం సాయంత్రాలు పురి విప్పి ఆడేవాడు. ఇవతల గట్టు మీద జనం "అబ్బ! అబ్బ!" అనేవాళ్లు. నిజంగానే అందగాడు, ఆ మాట ఒప్పుకోవాలి. ఆ పింఛం ఎండలో తిరుగుతుంటే గవ్వమ్మ కూడా గుడ్ల మీద కూర్చుని మెడ చాచి చూసేది. కాకపోతే అంత దూరం నుంచి వచ్చే "అబ్బ" అతనికి చాలలేదు.

"దూరం నుంచి చూస్తే ఏం తెలుస్తుంది?" అన్నాడు తోకయ్య తాతతో. "నా ఈకల్లో ఎన్ని రంగులున్నాయో దగ్గరకు వస్తే కదా తెలిసేది. నేనే పోతాను అటు."

"ఒరే, వద్దురా," అన్నాడు తాత.

సింగారయ్య వింటేగా! ఒక ఆదివారం నీళ్లు ఇరుకుగా ఉన్నచోట ఎగిరి దాటి, ఇవతల గులకరాళ్ల మీద వాలాడు. పురి విప్పాడు. గట్టు మీద జనమంతా తాడు దగ్గరకు పరుగెత్తారు. టోపీ పెట్టుకున్న ఒక పెద్దాయన సంతోషం పట్టలేక గుప్పెడు మరమరాలు తీసి తాడు అవతలికి విసిరాడు. సింగారయ్య అటూ ఇటూ చూశాడు, ఒకటి ముక్కుతో పొడిచి రుచి చూశాడు. తర్వాత అన్నీ ఏరుకుని తిన్నాడు.

ఆ మరుసటి ఆదివారం మరమరాలతో పాటు జంతికలు వచ్చాయి, అరటిపండు ముక్కలు వచ్చాయి. ఫోన్లు పైకెత్తి ఫోటోలు తీసుకున్నారు. సింగారయ్యకు నేల మీద కాళ్లు ఆనలేదు. ఎటు ఫోను కనబడితే అటు తిరిగి ఆడాడు. తాడు అవతల నిలబడిన జనం కాస్త కాస్త ముందుకు జరిగారు. తాడు వంగింది. ఒకరిద్దరు తాడు కింద నుంచి దూరి లోపలికి వచ్చారు. ఓబులేసు ఈల ఊదుకుంటూ పరుగెత్తి వచ్చి వాళ్లను వెనక్కి పంపాడు.

వాళ్లు నడిచిన చోటికి గవ్వమ్మ గుడ్లు ఎంతో దూరం లేవు. ఆమె గుండె గుబేలుమంది.

మర్నాడు పొద్దున్నే గవ్వమ్మ నీళ్లు దాటి బండ దగ్గరకు వెళ్లింది. సింగారయ్య ఈకలు దువ్వుకుంటున్నాడు.

"సింగారయ్య బావా, నీతో ఒక మాట."

"చెప్పు గవ్వమ్మా. ఆట చూశావా? చివర్లో ఒక చుట్టు తిరిగాను చూడు, అది కొత్తది."

"చూశాను బావా. బాగుంది. కానీ జనం తాడు దాటి వస్తున్నారు. నా గుడ్లు అక్కడే ఉన్నాయి. ఎవరి కాలు పడినా అంతే. పిల్లలు రేపో మాపో బయటికి వచ్చేలా ఉన్నారు. అప్పటిదాకా నీ బండ మీదే ఆడు. లేదంటే ఆనకట్ట మెట్ల దగ్గర ఆడు, అక్కడ రాతి పరుపు ఉంది. నీకూ బాగుంటుంది."

సింగారయ్య దువ్వుకోవడం ఆపి ఆమెను ఎగాదిగా చూశాడు.

"మెట్ల దగ్గర నీడ పడుతుంది. నా రంగులు కనబడవు," అన్నాడు. "అయినా జనం అంత దూరం నుంచి వచ్చేది ఎవరి కోసం అనుకుంటున్నావు? నీ కోసమా? నీ గొంతు వింటే దండం పెట్టుకుని లోపలికి పోతారు. నీ గుడ్లా, రాళ్లకూ వాటికీ తేడా లేదు. నాలుగు రాళ్ల కోసం నేను ఆట మానుకోవాలా?"

గవ్వమ్మకు ఒళ్లు మండింది. అంతకన్నా ఎక్కువగా ఏడుపు వచ్చింది. అతని ఎదుట ఏడవడం ఇష్టం లేక ఎగిరి వచ్చేసింది.

జిట్టయ్య గుడ్ల మీద నుంచి లేవకుండానే అడిగాడు. "ఏమన్నాడు?"

"రాళ్లన్నాడు," అంది గవ్వమ్మ.

జిట్టయ్య పొట్ట కింద గుడ్లను ముక్కుతో సర్దుకున్నాడు. తర్వాత మెల్లగా అన్నాడు. "మీ అమ్మ నీకు నేర్పిన విద్య ఒకటి ఉంది కదా."

ఉంది. తీతువు పిట్టల ఇళ్లలో తల్లి కూతురికి నేర్పే విద్య అది. శత్రువు గుడ్ల దగ్గరకు వస్తుంటే తల్లి రెక్క విరిగినట్టు నేల మీద ఈడ్చుకుంటూ కుంటాలి. తేలిగ్గా దొరికేలా ఉంది కదా అని శత్రువు ఆమె వెంట పడుతుంది. అలా కుంటుతూ కుంటుతూ దూరంగా తీసుకుపోవాలి. అక్కడి నుంచి ఒక్కసారిగా ఎగిరిపోవాలి.

గవ్వమ్మ తల్లి ఒక మాట మరీ మరీ చెప్పేది. "కుంటడం ఎవరికైనా వస్తుందే అమ్మాయీ. ఎప్పుడు ఎగరాలో తెలియడమే విద్య. వాడు చెయ్యి చాచాక ఎగురుదామంటే కుదరదు. చాచాలని వాడికి అనిపించిందా, అప్పుడే ఎగరాలి."

ఆ విద్యను గవ్వమ్మ నక్కల మీద వాడింది, కుక్కల మీద వాడింది. మనుషుల మీద ఎప్పుడూ వాడలేదు. ఇంతమంది ఒక్కసారి మీదికి వస్తే ఏమవుతుందోనని లోలోపల బెరుకుగానే ఉంది.

ఆదివారం రానే వచ్చింది. ఆ రోజు పొద్దున గుడ్ల మీద కూర్చున్న గవ్వమ్మకు కింద నుంచి సన్నగా కిచకిచమని వినిపించింది. గుడ్లలోంచి పిల్లలు మాట్లాడుతున్నాయి! ఒక గుడ్డు మీద గీతలాంటి పగులు కూడా వచ్చింది. ఆమె ఆనందానికి అవధుల్లేవు. "వస్తున్నారయ్యో, వస్తున్నారు," అని జిట్టయ్యను పిలిచి వినిపించింది. ఇద్దరూ తలలు వంచి విన్నారు.

కానీ ఆ రోజు జనం ఎప్పటికన్నా ఎక్కువగా వచ్చారు. సింగారయ్య ఫోటోలు ఊరూరా తిరిగాయి మరి. "నెమలి ఏదీ? దగ్గరకు వస్తుందట కదా!" అనుకుంటూ వ్యాన్ల మీద వ్యాన్లు దిగాయి. ఓబులేసు ఒక్కడే అటూ ఇటూ పరుగెత్తుతున్నాడు.

ఎండ కాస్త వాలగానే సింగారయ్య నీళ్లు దాటి వచ్చాడు. వచ్చి వచ్చి గవ్వమ్మ గుడ్లకు కాస్త అవతలగా, నీళ్ల వైపు వాలి పురి విప్పాడు.

"అదుగో! అదుగో!" అంటూ జనం తాడు మీదికి ఒరిగారు. ఒక గుంజ ఊడి పడిపోయింది. ఇక ఎవరు ఆగుతారు? అందరూ గులకరాళ్ల మీదికి దిగారు. ఓబులేసు ఈల ఎవరికీ వినబడలేదు.

గవ్వమ్మ గుడ్ల మీద నుంచి లేచింది. అక్కడే కూర్చుంటే చోటు తెలిసిపోతుంది. జిట్టయ్య పైకి ఎగిరి అరుస్తూ చుట్లు తిరుగుతున్నాడు. జనం చెప్పులు, బూట్లు కరకరమంటూ దగ్గరకు వస్తున్నాయి. ఇంకొన్ని అడుగులు వేస్తే గుడ్లే.

గవ్వమ్మ పరుగున వెళ్లి జనం కాళ్ల ఎదుటే పడింది. ఎడమ రెక్క బార్లా చాచి నేలకు ఆనించింది. దాన్ని రాళ్ల మీద ఈడ్చుకుంటూ, ఒక కాలు కుంటుతూ, గింజుకుంటున్నట్టు అరిచింది.

ముందున్న ఒకామె ఠక్కున ఆగిపోయింది. "అయ్యో, అయ్యో! ఇటు చూడండి, పాపం పిట్టకు రెక్క విరిగింది!"

"ఎక్కడా? ఎక్కడా?"

"కాలు కూడా దెబ్బ తిన్నట్టుందే. ఎవరో తొక్కేశారేమో!"

తొక్కేశారన్న మాటకు అందరూ ఉన్నచోటే ఆగి కాళ్ల కింద చూసుకున్నారు. తర్వాత గవ్వమ్మ వెనక నడవడం మొదలుపెట్టారు. గవ్వమ్మ గుడ్లకు ఎడంగా, ఆనకట్ట మెట్ల వైపు కుంటింది. వాళ్లు దగ్గరకు వస్తే నాలుగడుగులు పరుగెత్తేది. వెనకబడితే ఆగి మళ్లీ గింజుకునేది. ఆమె కళ్లు మాత్రం వాళ్ల చేతుల మీదే ఉన్నాయి. ఒక్క చెయ్యి కొంచెం కదిలినా ఆమె అవతలికి జరిగేది.

జనమంతా ఆమె వెనకే పోయారు. టోపీ పెద్దాయన కూడా మరమరాల పొట్లం చంకలో పెట్టుకుని పోయాడు.

సింగారయ్య ఆట మధ్యలో ఒక చుట్టు తిరిగి చూసేసరికి ఎదుట ఒక్కరూ లేరు.

అతనికి తల కొట్టేసినట్టయింది. అందరూ వెళ్లి చూస్తున్నది ఎవరిని? ఆ అపశకునం పిట్టను! మట్టి కొట్టుకుపోయి, నేల మీద దేకుతున్న దాన్ని చూసి "అయ్యో పాపం, అయ్యో తల్లీ," అంటున్నారు. ఇన్నాళ్లలో తనను ఎవరైనా "తల్లీ, తండ్రీ" అన్నారా? "అబ్బ" అన్నారు, అంతే.

"నాటకం! అది నాటకం!" అని గొంతు చించుకుని అరిచాడు. మనుషులకు నెమలి మాట ఏం అర్థమవుతుంది? ఒకరిద్దరు వెనక్కి తిరిగి చూసి మళ్లీ గవ్వమ్మ వైపే తిరిగారు.

ఈలోగా గవ్వమ్మ మెట్ల దాకా వచ్చింది. ఒక కుర్రాడు జేబురుమాలు తీయబోయాడు. అంతే, ఆమె రెండు రెక్కలూ చాచి పైకి లేచింది. జనం తలల మీదుగా ఒక చుట్టు కొట్టింది. "ఓరినీ! దీనికేమీ కాలేదు!" అని జనం ముందు వెర్రిమొహాలు వేసి, తర్వాత పకపకా నవ్వి చప్పట్లు కొట్టారు.

ఆ చప్పట్లతో సింగారయ్యకు ఉన్న కాస్త బుద్ధి కూడా పోయింది. "ఓస్, ఇంతేనా? దానికన్నా నేను బాగా కుంటగలను," అనుకున్నాడు.

వెంటనే పురి ముడిచాడు. ఒక రెక్క వేలాడేశాడు. తోక ఈకలు రాళ్ల మీద ఈడ్చుకుంటూ, మెడ వాల్చి, తూలుకుంటూ మెట్ల వైపు నడిచాడు. మధ్యలో ఒకసారి పడి, లేవలేనట్టు మూలిగాడు కూడా. ఎంత బాగా చేశాడంటే, పైనుంచి చూస్తున్న గవ్వమ్మకే ఒక్క క్షణం నిజమేమో అనిపించింది.

"అయ్యయ్యో, నెమలికి ఏదో అయింది!"

"ఇందాక బాగానే ఆడిందే!"

"మనం పెట్టిన జంతికలు పడలేదేమో. ఓ గార్డుగారూ, ఇటు రండి!"

జనమంతా అతని చుట్టూ చేరారు. ఇంత దగ్గరగా ఎప్పుడూ రాలేదు. అందరి కళ్లలో జాలి, అందరి నోట సింగారయ్య పేరే, అంటే "పాపం నెమలి" అన్న పేరే. సింగారయ్యకు స్వర్గంలో ఉన్నట్టుంది. ఇంకాస్త మూలిగాడు.

గవ్వమ్మ ఒక చూపు గుడ్ల వైపు చూసింది. అటు ఎవరూ లేరు. ఆమె తిన్నగా తన పిల్లల దగ్గరకు పోవచ్చు. పోవాలనే అనుకుంది కూడా. కానీ కింద ఓబులేసు భుజం మీది తువ్వాలు తీస్తున్నాడు. ఆ చెయ్యి ఆమెకు కనబడింది.

రాళ్లన్న మాట ఆమె మరిచిపోలేదు. అయినా ఊరుకోలేకపోయింది.

"బావా, ఎగురు!" అని కిందికి దూసుకొచ్చి అరిచింది. "ఇప్పుడే! ఇప్పుడే ఎగిరిపో!"

సింగారయ్య విన్నాడు. విని, "దీనికి అసూయ," అనుకున్నాడు. "ఉండు, ఆ టోపీ పెద్దాయన కూడా దగ్గరకు రానీ. ఆయన చూశాక ఎగురుతాను."

టోపీ పెద్దాయన వచ్చాడు. వంగి చూశాడు. సింగారయ్య అప్పుడు ఎగరబోయాడు. తీతువు ఒంటికి, నెమలి ఒంటికి తేడా లేదా? ఎగరాలంటే అతనికి పరుగెత్తడానికి చోటు కావాలి. చుట్టూ జనం. పొడుగాటి తోక రెండు రాళ్ల మధ్య ఇరుక్కుంది. పొట్ట నిండా జంతికలు. రెక్కలు విప్పీ విప్పకముందే ఓబులేసు తువ్వాలు తల మీద పడింది. లోకమంతా చీకటైపోయింది.

"గింజుకోకమ్మా, గింజుకోకు. నీ మంచికే," అంటూ ఓబులేసు అతన్ని మెల్లగా, చాలా మెల్లగా, చంకలోకి ఎత్తుకున్నాడు.

"టౌనులో పశువుల డాక్టరు దగ్గరకు తీసుకుపోదాం, మా వ్యాను ఎక్కించండి," అంది మొదట గవ్వమ్మను చూసి ఆగినామె. ఒకరు అట్టపెట్టె తెచ్చారు. ఒకరు చాప పరిచారు. "మన వల్లే దీనికి ఇలా అయింది," అని టోపీ పెద్దాయన కళ్లు తుడుచుకున్నాడు. వ్యాను కదిలింది. లోపలి నుంచి సింగారయ్య కేకలు గట్టు మలుపు దాకా వినిపించాయి.

జనానికి సరదా పోయింది. ఒక్కొక్కరే తాడు అవతలికి వెళ్లిపోయారు. పడిన గుంజను వాళ్లలోనే ఇద్దరు మళ్లీ పాతారు.

గవ్వమ్మ నీళ్ల అంచుకు పరుగెత్తింది. పొట్ట తడుపుకుని గుడ్ల దగ్గరకు వచ్చింది. చుట్టుపక్కలంతా చెప్పుల జాడలే. గుండె చిక్కబట్టుకుని చూసింది. గుడ్లు వేడెక్కి ఉన్నాయి, కానీ నాలుగూ ఉన్నాయి. వాటి మీద కూర్చుంది. తడి తగిలింది. చాలాసేపు ఏ చప్పుడూ లేదు. అంతసేపూ ఆమె ఎలా ఊపిరి పీల్చిందో ఆమెకే తెలియదు. తర్వాత కింద నుంచి ఒక కిచకిచ వినిపించింది. దాని వెనకే ఇంకొకటి.

పొద్దు గూకేలోపు నాలుగు పిల్లలూ బయటికి వచ్చాయి. ఒంటి నిండా మచ్చలతో, గులకరాళ్లకు కాళ్లు వచ్చినట్టు ఉన్నాయి. ఈకలు ఆరగానే పరుగులు మొదలుపెట్టాయి. గవ్వమ్మ, జిట్టయ్య అరుస్తూ వాటి వెనక తిరిగారు. అవతల మద్దిచెట్టు మీద నుంచి తోకయ్య తాత అది చూసి, మనవలందరినీ పిలిచి చూపించాడు.

వానలు పడ్డాయి. జలాశయం నిండసాగింది. గులకరాళ్ల నేలను నీళ్లు మెల్లగా కప్పేస్తుంటే గవ్వమ్మ పిల్లలను తీసుకుని గట్టు వైపు జరిగింది. అప్పటికి పిల్లలకు రెక్కలు వచ్చి కొంచెం కొంచెం ఎగురుతున్నాయి.

ఒక ఆదివారం జీపు వచ్చి ఆగింది. ఓబులేసు ఒక బోను దించి తలుపు తీశాడు. అందులోంచి సింగారయ్య బయటికి వచ్చాడు. గవ్వమ్మ మొదట ఆనవాలు పట్టలేదు. పింఛం లేదు. బోను కమ్మీలకు రాసుకుని కొంత, ఈకలు రాలే కాలం వచ్చి కొంత, తోకంతా ఊడిపోయింది. ఎడమ రెక్క బిగుసుకుపోయి ఒంటికి అంటుకుని ఉంది.

గవ్వమ్మ దగ్గరకు వెళ్లింది. "బావా, బాగున్నావా? ఆ రెక్కకు ఏమైంది?"

సింగారయ్య మెడ తిప్పి ఆ రెక్క వైపు చూసుకున్నాడు.

"ఏమీ కాలేదు గవ్వమ్మా. అదే రోజూ చెప్పాను వాళ్లకు. రెక్క బాగానే ఉంది, విప్పండి, విప్పండి అని గొంతు పోయేలా అరిచాను. నొప్పికి అరుస్తున్నాను అనుకుని ఇంకో కట్టు కట్టారు. మంచివాళ్లే. తలుపు దగ్గర నిలబడి రోజూ నన్ను చూసేవాళ్లు. ఎంత దగ్గర నుంచి చూసినా ఒక్కరికీ నా మాట అర్థం కాలేదు. కట్టు విప్పేసరికి అది ఇలా బిగుసుకుపోయింది."

అతని మీద ఉన్న కోపం ఎటు పోయిందో గవ్వమ్మకు తెలియలేదు. "రెక్కను రోజూ కాస్త కాస్త కదిలించు బావా. సడలుతుంది. ఎగరడం మళ్లీ వస్తుంది," అంది.

"రావచ్చు," అన్నాడు సింగారయ్య.

వేసవిలో అతను ఎగిరి దాటిన ఇరుకుచోటు ఇప్పుడు నిండు నీళ్లు. ఎగరలేని నెమలి అవతలి ఒడ్డుకు చేరాలంటే జలాశయం చుట్టూ నడిచే పోవాలి. అతను గట్టు వెంబడే బయలుదేరాడు. గట్టు మీద జనం బైనాక్యులర్లు పట్టుకుని, నీళ్లకు దిగుతున్న దుప్పులను చూస్తున్నారు. వాళ్ల కాళ్ల పక్క నుంచే నడిచిపోతున్న తోక లేని పిట్ట ఏమిటో ఒక్కరూ వంగి చూడలేదు. సింగారయ్య కూడా వాళ్ల వైపు చూడలేదు. ఇల్లు చేరాలన్న తొందర ఒక్కటే ఉంది అతనికి.

నీతి: బిడ్డల కోసం వేసిన వేషం బిడ్డలను కాపాడింది, మెప్పు కోసం వేసిన వేషం వేసినవాడినే పట్టిచ్చింది. లేని బాధను నలుగురి ఎదుట నటించేవాడు, ఆ బాధ లేదని చెప్పినప్పుడు నమ్మేవాళ్లు ఉండరు.